బల్ల మీద తడి గుర్తు

ఆ మేడమీది గదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే అక్కడ భయపడాల్సింది ఏమీ కనిపించదు. ఓ బల్ల, దాని మీద కాసిని పాత సామాన్లు, ఎదురుగా గోడకి ఓ బొమ్మ. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు ఓసారి తల ఊపి, కిందకి దిగి, గేటు దగ్గర టీ తాగి పోతారు. చీకటి పడ్డాక అక్కడ ఉండమంటే మాత్రం... కాపలాకి ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. ఒకాయనైతే చెప్పులు వదిలేసి మరీ కాలికి బుద్ధి చెప్పాడు. ఆ చెప్పులు చాలాకాలం మెట్ల కిందే పడున్నాయి. వచ్చి అడిగిన పాపాన పోలేదు.

నేను ఫ్రేములు కట్టేవాణ్ణి. నాకు బొమ్మలు గీసేవాళ్ళ మీదే నమ్మకం తక్కువ, ఇక వాళ్ళ దెయ్యాల మీద ఎక్కడిది? నాకు కావలసింది చెక్క, మేకు, అద్దం. ఆ బొమ్మ ఫ్రేముకి చెదలు పట్టాయంటే బాగుచెయ్యడానికి వెళ్ళాను. నేను చెదలు దులుపుతుంటే పక్కన కూర్చుని, అక్కడి కాపలా ఆయన చెప్పగా విన్నది ఇది. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఒక చిత్రకారుడు ఉండేవాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. జీవితమంతా ఆ బల్ల మీది సామాన్లే గీశాడు — ఓ నూనె సీసా, మూత పోయిన కెటిల్, పెచ్చులూడిన నీలం గిన్నె, చిమ్నీ లేని దీపం, మడతపెట్టిన గుడ్డ. ఒక బొమ్మలో సీసా ఎడమ పక్కన, ఇంకో బొమ్మలో కుడి పక్కన. అంతే తేడా. వేటికీ నీడలుండవు. రంగులన్నీ దుమ్ము రంగులు. బల్లేమో మన మీదకి ఒరిగినట్టు ఉంటుంది, సామాన్లు దొర్లి ఒళ్ళో పడతాయేమో అనిపిస్తుంది. కొత్త తరహా బొమ్మలంటే అలాగే ఉంటాయట. "మా ఇంట్లో వంటగట్టు రోజూ ఇలాగే ఉంటుందండీ, నేను టికెట్ పెట్టలేదు" అన్నాను. అక్కడి మేనేజరమ్మ నవ్వలేదు.

ఆయన పోయాక ఇల్లు ఓ ట్రస్టు చేతికి వచ్చింది. ఆయన గీసిన చివరి బొమ్మలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే సామాన్లు బల్ల మీద సర్ది, చుట్టూ తాడు కట్టారు. నేల తుడుస్తారు గానీ బల్ల తుడవరు. అది పెయింటరు గారి కాలంనాటి దుమ్ము, ముట్టుకోకూడదు.

ఆ బొమ్మలో, గిన్నెకీ దీపానికీ మధ్య, కొంత చోటు ఖాళీగా ఉంటుంది. అరచెయ్యి పట్టేంత. "ఆ ఖాళీయే ఈ బొమ్మకి ప్రాణం. అది శూన్యం... మృత్యువు..." అని మేనేజరమ్మ గొంతు తగ్గించి చెబుతుంది. వచ్చినవాళ్ళు కూడా గొంతు తగ్గించి "ఆహా" అంటారు.

బల్ల మీద సరిగ్గా ఆ ఖాళీ ఉన్న చోటే... పొద్దున తలుపు తీస్తే... తడిగా ఓ గుండ్రటి గుర్తు.

ఎవరో నీళ్ళ గ్లాసు పెట్టి తీసినట్టు. చుట్టూ ఉన్న దుమ్ము చెక్కుచెదరదు. అక్కడ మాత్రం తడి. కప్పు చూశారు — కారడం లేదు. కిటికీలు చూశారు — గడియలు వేసే ఉన్నాయి. వెనక మెట్ల వైపు తలుపు చూశారు — తాళం వేసింది వేసినట్టే ఉంది. తడి తుడిచేశారు. మర్నాడు మళ్ళీ అక్కడే...

కాపలావాళ్ళు రాత్రిపూట కింద ముందు వసారాలో కూర్చునేవారు. ఊరు సద్దుమణిగాక పైన నడిచిన చప్పుడయ్యేది. కాసేపటికి 'టక్' మని చిన్న చప్పుడు. ఆ తర్వాత ఎవరో గుటకలు వేస్తున్నట్టు... పైకెళ్ళి చూసే గుండె ఎవడికుంటుంది? పెయింటరు గారు ఒంటరిగా పోయాడనీ, పోయేముందు నీళ్ళు అడిగితే ఇచ్చే దిక్కు లేకపోయిందనీ, ఆ దాహంతోనే తిరుగుతున్నాడనీ వీధిలో కథ అల్లేశారు. మన జనానికి గోరంత ఇస్తే చాలు కదా.

అలాంటి చోటికి కాపలాకి వచ్చాడు రాయి బాబాయ్ — నాకు ఇదంతా చెప్పినాయన.

అది పేరు కాదు. అక్కడ ఊడ్చేవాళ్ళూ, టికెట్లిచ్చేవాళ్ళూ కలిసి పెట్టింది. మనిషి మరీ ముసలివాడేం కాదు, నడకే ముసలిది. పలకరిస్తే పలుకుతాడు. జోకేస్తే వింటాడు, నవ్వడు. ఒకసారి వాళ్ళు కావాలనే ఆయన టీలో పంచదారకి బదులు ఉప్పు వేసి ఇచ్చారట. తాగేసి, గ్లాసు కడిగి ఇచ్చాడట. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఆ తర్వాత వాళ్ళకే సిగ్గేసి ఇంకెప్పుడూ ఆయనతో ఆటలాడలేదు.

ఆయన పుట్టుకతో అలాంటివాడు కాదు. ఒకప్పుడు గోడ మీద బల్లి కదిలితే ఎగిరి మంచం ఎక్కి నిలబడేవాడట. భార్య చీపురుతో దాన్ని తోలి, "దిగండి మహారాజా, శత్రువు పారిపోయాడు" అనేదట. ఆవిడకి నవ్వీ నవ్వీ కడుపునొప్పి వచ్చేదట.

ఆవిడ పోయింది. ఉన్నట్టుండి పోయింది. సాయంత్రం వంటింట్లో నిమ్మకాయ కోస్తూ సగంలో ఆపి, గ్లాసుడు నీళ్ళలో సగం తాగి గట్టు మీద పెట్టి, "పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని వాకిట్లోకి వెళ్ళింది. వాకిట్లోనే పడిపోయింది. పాలు పొంగిపోయాయి.

ఆ రోజు నుంచి ఆయన ఆ గట్టు మీద ఏదీ కదపలేదు. గ్లాసు, కత్తి, నిమ్మచెక్క, మడతపెట్టిన గుడ్డ. గ్లాసులో నీళ్ళు ఆవిరైపోయాయి. నిమ్మచెక్క పుల్లలా ఎండిపోయింది. అన్నిటి మీదా దుమ్ము పేరుకుంది. ఆయన బయటే ఏదో తిని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి వాటినోసారి చూసి, వెళ్ళి పడుకునేవాడు.

"ఏడ్చారా?" అని అడిగాను. అడగకూడదేమో, నా నోరు నా మాట వినదు.

"లేదండీ. ఏడవాలని తెలుసు... రాలేదు. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు. ఆకలి రాలేదు, కోపం రాలేదు. ఓ రోజు బల్లి నా చేతి మీద నుంచి పాకిపోయిందండీ. చూస్తూ కూర్చున్నా."

ఆయనకి ఒక్కతే కూతురు. పెళ్ళి కాలేదు. కుట్టుపనిలో చెయ్యి తిరిగిన పిల్ల. కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు ఇక లాభం లేదని వాళ్ళమ్మ గ్లాసు తీసి కడగబోతే, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. తిట్టలేదు, అరవలేదు. గ్లాసు తీసి మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. తిట్టి ఉంటే ఆ పిల్ల ఉండిపోయేదే.

"ఇది ఇల్లా, మ్యూజియమా నాన్నా? ఇందులో నేనేంటి? ఇంకో సామానా?" అంది. "నువ్వు చెప్పేదాకా ఆ గ్లాసు ముట్టుకోను. నువ్వు పిలిచేదాకా ఈ ఇంటికీ రాను" అని పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి దూరపు ఊళ్ళో పెద్ద బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసింది. "వెళ్తే ఇంక అక్కడే నాన్నా. నువ్వు ఉండమంటే ఉంటా. ఒక్క మాట చెప్పు. ఊరికే చెప్పకు, మనసులోంచి చెప్పు."

ఆయన ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. ఉండమనాలని తెలుసు. మాట నాలుక చివరే ఉంది. దాని వెనక మాత్రం ఏమీ లేదు.

"ఉత్త మాట చెబితే కనిపెట్టేస్తుందండీ. వాళ్ళమ్మ పోలిక" అన్నాడు నాతో. అందుకని ఏమీ అనకుండానే పెట్టేశాడు.

ఆ పిల్ల ప్రయాణం ముందు రోజు సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. "పొద్దున్నే బస్సు బావగారూ. వచ్చి కనీసం కనపడండి." ఆయన "డ్యూటీ ఉందమ్మా" అన్నాడు. ఉన్నమాటే. డ్యూటీకి వెళ్ళాడు.

ఆ రాత్రి కింద వసారాలో కూర్చోలేదు. పైకెళ్ళి, ఆ గదిలో, గోడ వారగా స్టూలు వేసుకుని, లైటు ఆర్పేసి కూర్చున్నాడు.

"ఎందుకండీ అంత పని?" అన్నాను.

"అక్కడైతే భయం వేస్తుందేమోనని... అందరికీ వేసిందంట కదా."

సుత్తి పక్కన పెట్టేశాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. ఎండెక్కువగా ఉందని చెబుతున్నట్టు చెప్పాడు.

సరే... చీకటి. కిటికీలోంచి వీధి దీపం వెలుగు కాస్త పడుతోంది. ఆ వెలుగులో బొమ్మలోని బల్ల ఎక్కడ ఆగిందో, అసలు బల్ల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రెండిట్లోనూ అదే సీసా, అదే గిన్నె, అదే దీపం... రెండిట్లోనూ మధ్యలో అదే ఖాళీ.

వీధిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి.

అప్పుడు... వెనక మెట్ల మీద... అడుగు.

ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు. మళ్ళీ ఆగింది. ఎవరో రొప్పుతున్నారు...

తాళం కదిలింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

తెల్లటి ఆకారం. పొట్టిగా, ముందుకి వంగి ఉంది. చేతిలో ఏదో మెరుస్తోంది. నేల మీద కాళ్ళు ఈడ్చుకుంటూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది. తాడు మీదుగా చెయ్యి చాచింది...

టక్.

ఆయన తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడట. మామూలుగానే కొట్టుకుంటోంది.

"ఎవరండీ?" అన్నాడు, టికెట్ అడిగినంత మామూలుగా.

"అమ్మో!" అని కేక.

కేక వేసింది ఆకారమే. వెనక్కి తూలి, గోడ పట్టుకుని నిలబడింది. లైటు వేస్తే... తెల్లచీర కట్టుకున్న ఓ ముసలావిడ.

"ఎవరు నాయనా నువ్వు?" అంది, గుండె రుద్దుకుంటూ. "చీకట్లో అలా దెయ్యంలా కూర్చుంటే ప్రాణాలు పోవూ?"

"కాపలా అండీ."

"కాపలావాళ్ళు కింద కదా ఉంటారు!"

"మీరెవరండీ?"

"వాడి అక్కని" అంది, బొమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించి. "వాడికి వండిపెట్టింది నేనే, వాడి రంగుల బట్టలు ఉతికింది నేనే. ఇప్పుడీ వెనక సందులో ఉంటున్నా. ఈ తలుపుకి రెండో తాళంచెవి ఉందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"పగలు రావచ్చు కదండీ?"

"వచ్చా ఓసారి. టికెట్ అడిగారు."

గిన్నెకీ దీపానికీ మధ్య, ఆ ఖాళీలో, నిండా నీళ్ళు పోసిన గ్లాసు ఉంది.

"వాడికి దాహం ఎక్కువ" అంది ముసలావిడ. "బొమ్మ ముందు కూర్చుంటే లేచేవాడు కాదు. అందుకని చేతికి అందేట్టు అక్కడ పెట్టేదాన్ని. 'అన్నీ గీస్తావు, నా గ్లాసు గియ్యవేంరా' అని అడిగా ఓసారి. 'గీద్దామని చూసేలోపు తాగేస్తున్నా అక్కా, తగ్గిపోయేదాన్ని ఎలా గీసేది' అన్నాడు. నా గ్లాసుకి చోటు మాత్రం ఎప్పుడూ వదిలేవాడు."

శూన్యమూ కాదు, మృత్యువూ కాదు. అక్క నీళ్ళు పెట్టుకునే చోటు. దానికి తాడు కట్టి ఇన్నాళ్ళూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆవిడ కాసేపు నిలబడి ఆ గ్లాసు వంక చూసింది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు చూసింది. తర్వాత చెయ్యి చాచి గ్లాసు తీసుకుని, గటగటా తాను తాగేసింది.

"మీరే తాగేస్తారా?"

"మరి? వాడికని తెస్తా. వాడు రాడు. పెట్టిన నీళ్ళు పారబోస్తానా? తాగేసి పోతా. మళ్ళీ రేపు తెస్తా." మూతి తుడుచుకుని, ఆయన ముఖంలోకి చూసింది. "అవును గానీ... నన్ను చూసి నీకు భయం వెయ్యలేదా?"

"లేదండీ."

"ఎందుకు వెయ్యలేదు?"

ఆయన చెప్పాడు. గట్టు సంగతి, గ్లాసు సంగతి, పొంగిన పాల సంగతి, పొద్దున్న బస్సు సంగతి. అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడ అంతా విని, ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ గ్లాసులో నీళ్ళు పోస్తున్నావా?"

"లేదండీ. అలాగే ఉంచా."

"అయ్యో..." అందట ముసలావిడ. "ఇన్నాళ్ళూ నీ ఇల్లాలికి ఎండు గ్లాసేనా?"

తలుపుకి తాళం వేసుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగి వెళ్ళిపోయింది.

ఇంకా తెల్లారకముందే ఆయన ఇంటికి బయల్దేరాడు. దారి పొడవునా ఏమీ అనిపించలేదట. తాళం తిప్పి, అలవాటు ప్రకారం వంటింటి గుమ్మంలో నిలబడి, లైటు వేశాడు.

గ్లాసు ఉన్నచోట లేదు.

జానెడు పక్కకి జరిగి ఉంది. దాని పాత చోట... దుమ్ము మధ్య... తడిగా ఓ గుండ్రటి గుర్తు.

కత్తి కదల్లేదు. నిమ్మచెక్క కదల్లేదు. గ్లాసు అడుగున ఓ చుక్క నీరు.

అప్పుడు లోపలి గదిలోంచి ఊపిరి వినిపించింది. ఎవరో నిద్రలో తీస్తున్న ఊపిరి...

వెళ్ళి చూస్తే, వాళ్ళమ్మ మంచం మీద కూతురు. పక్కన ప్రయాణపు సంచి. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, ఒక్క రాత్రి ఇంట్లో పడుకుని పోదామని వచ్చింది, తండ్రి పిలవకపోయినా.

ఓహో, అదా సంగతి అనుకున్నాడట. పిల్ల దాహమేసి తాగి ఉంటుంది. కోపం రాలేదు. మెల్లగా భుజం తట్టాడు.

"గ్లాసులో నీళ్ళు తాగావా తల్లీ? పర్లేదులే..."

ఆ పిల్ల నిద్రమత్తులో లేచి కూర్చుంది. "నేనా? లేదు నాన్నా. ముట్టుకోనని చెప్పాగా. నా సీసాలో ఉన్నాయి, అవే తాగా." సంచిలోంచి సీసా తీసి చూపించింది. సగం ఖాళీగా ఉంది.

"మరి..."

"నువ్వే కదా ఇందాక వంటింట్లో తిరిగావు? గ్లాసు పెట్టిన చప్పుడైతే మెలకువ వచ్చింది. 'నాన్నా' అని పిలిచా. పలకలేదు. ఎప్పుడు పలికావు గనక అని అటు తిరిగి పడుకున్నా."

"ఇందాకా?"

"ఇందాకే. చాలాసేపైంది."

ఆయన అప్పుడే కదా వచ్చింది...

ముందు చేతుల మీద వెంట్రుకలు లేచాయట. తర్వాత మెడ వెనక. తర్వాత వీపంతా చల్లగా... ఏమవుతోందో ఆయనకే తెలియలేదు. అలాంటిది ఒకటుంటుందని మర్చిపోయాడు. గుండె దడదడా కొట్టుకుంది. అంత మనిషీ ఒక్క ఎగురు ఎగిరి, చెప్పులతో సహా మంచం ఎక్కేశాడు.

"నాన్నా! ఏమైంది? బల్లా?"

"భయమేస్తోందే..." అన్నాడు. "భయమేస్తోంది తల్లీ. వెళ్ళకే. నన్నొదిలేసి వెళ్ళకే..."

ఆ గొంతు విని ఆ పిల్ల బిత్తరపోయింది. చిన్నప్పటి నాన్న గొంతు అది. ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకుని, మంచం మీద గొంతుక్కూర్చుని, ఏడవడం మొదలుపెట్టాడు. తెల్లవారినా ఆపలేదు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది, వెళ్ళిపోయింది. ఆ పిల్ల చెయ్యి విడిపించుకోలేదు.

ముసలావిడ సంగతి మేనేజరమ్మకి మేమిద్దరం చెప్పలేదు. చెబితే ఆ ముసలావిడకి మళ్ళీ టికెట్ కొడతారు. ఆ గదికి పాత పేరే ఉండనీ.

ఇప్పుడు ఆ ఇంట్లో గట్టు తుడిచేశారట. వంట కూడా మొదలైందట. గ్లాసు కడిగి మళ్ళీ ఆ చోటే పెట్టారు. రాత్రి డ్యూటీకి బయల్దేరే ముందు ఆయన నిండా నీళ్ళు పోస్తాడు. పొద్దున్నే కూతురు తాగేస్తుంది.

"రోజూ అమ్మాయి తాగేలోపే ఓ గుక్క తగ్గి ఉంటాయండీ" అన్నాడు, ముంజేతి మీద లేచిన వెంట్రుకలు నిమురుకుంటూ. మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

"ఎండలు కదా. ఆవిరైపోయి ఉంటాయి" అన్నాను.

"అయ్యుంటాయండీ" అన్నాడు.

నేను ఫ్రేము పనిలో పడ్డాను. చెయ్యి తిరిగినవాణ్ణే, ఆ రోజు మేకు మాత్రం వంకరగా దిగింది.